లివర్, కొలెస్ట్రాల్ రక్తపరీక్షల రిపోర్టులు: తరచుగా అడిగే ప్రశ్నలు

కర్నూలు, అనంతపురం, కడప పట్టణాల్లో ఇప్పుడు పొద్దున రక్తం ఇస్తే సాయంత్రానికి రిపోర్టు వాట్సాప్‌లో వచ్చేస్తోంది. డాక్టరును కలిసేది మాత్రం మరుసటి రోజో, వారం తర్వాతో. ఈ లోపల ముదురు అక్షరాల్లో అచ్చయిన అంకెలను చూసి కొందరు నిద్ర పాడుచేసుకుంటున్నారు, కొందరు వాడుతున్న మాత్రలను సొంతంగా ఆపేస్తున్నారు, ఇంకొందరు అన్నీ మామూలుగానే ఉన్నాయనుకుని చూపించుకోవలసిన విషయాన్ని కూడా వదిలేస్తున్నారు. ఈ మూడింటిలో చివరిదే ఎక్కువ నష్టం చేస్తుందని మా నమ్మకం. రిపోర్టులో ఏ అంకెనూ ఒంటరిగా చదవకూడదు. పక్కనున్న అంకెలతో, పాత రిపోర్టుతో, మనిషి ఒంటి పరిస్థితితో కలిపి చదవాలి. అలా చదవడం ఎలాగో ఇక్కడ చెబుతున్నాము. చికిత్స నిర్ణయించవలసింది మాత్రం మిమ్మల్ని చూసిన డాక్టరే.

ఈ రెండు పరీక్షల్లో ఏమేమి కొలుస్తారు?

ఎల్‌ఎఫ్‌టీ అని పిలిచే లివర్ పరీక్షలో బిలిరుబిన్ (కామెర్లలో పెరిగే పసుపు పదార్థం), ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీ, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్, మొత్తం ప్రొటీన్, అల్బుమిన్, గ్లోబ్యులిన్ ఉంటాయి. కొన్ని ల్యాబులు జీజీటీ కూడా చేరుస్తాయి. కొన్ని రిపోర్టుల్లో ఎస్‌జీఓటీని ఏఎస్‌టీ అని, ఎస్‌జీపీటీని ఏఎల్‌టీ అని రాస్తారు, రెండూ ఒకటే. లిపిడ్ ప్రొఫైల్‌లో మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ (మంచి కొలెస్ట్రాల్), ఎల్‌డీఎల్ (చెడ్డ కొలెస్ట్రాల్), వీఎల్‌డీఎల్, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని మరో రకం కొవ్వు) ఉంటాయి.

అంకె పక్కన 'హెచ్' అనో 'హై' అనో ఉంటే జబ్బు ఉన్నట్టేనా?

లివర్ పరీక్ష విషయంలో కాకపోవచ్చు. ఆరోగ్యంగా ఉన్న చాలామంది రక్తాన్ని పరీక్షించి, వారిలో నూటికి 95 మంది విలువలు ఏ రెండు అంకెల మధ్య ఉన్నాయో చూసి సాధారణ అవధిని నిర్ణయిస్తారు. అంటే ఏ జబ్బూ లేని నూరుమందిలో అయిదుగురు అవధి బయట ఉండడం ఆ లెక్కలోనే ఉంది. ఒకేసారి పది పన్నెండు అంశాలు కొలిచినప్పుడు ఏదో ఒకటి కొద్దిగా గీత దాటడం అరుదైన సంగతేమీ కాదు. ల్యాబును బట్టి, అక్కడి యంత్రాన్ని బట్టి కూడా ఈ అవధులు కొంత మారుతాయి. అందుకే ఒక ల్యాబు అంకెను ఇంకో ల్యాబు అవధితో పోల్చకూడదు.

కొలెస్ట్రాల్ సంగతి పూర్తిగా వేరు. అక్కడ అచ్చయ్యే 200, 100 లాంటి అంకెలు జనంలో మామూలుగా కనిపించే విలువలు కావు. ఎంత దాటితే గుండెపోటు ముప్పు పెరుగుతుందో చూసి పెట్టినవి. కాబట్టి ఒకసారి గుండెపోటు వచ్చినవారికి ఎల్‌డీఎల్ 95 ఉంటే, రిపోర్టులో దాని పక్కన ఏ గుర్తూ లేకపోయినా, అది ఎక్కువే. ఈ ఒక్క తేడా తెలియక చికిత్స అవసరమైనవారు నిశ్చింతగా ఉండిపోవడం మాకు బాధ కలిగించే విషయం.

పరగడుపున రావాలా? ఊరి నుంచి వచ్చేసరికి పది దాటుతుంది కదా?

లివర్ పరీక్షకు పరగడుపు తప్పనిసరి కాదు. లిపిడ్ ప్రొఫైల్‌కు చాలా ల్యాబులు 9 నుంచి 12 గంటల పరగడుపు అడుగుతాయి. రాత్రి ఎనిమిదింటికి అన్నం ముగించి, పొద్దున ఆరేడు గంటల మధ్య రక్తం ఇవ్వగలిగితే సరిపోతుంది. మంచినీళ్లు ఎన్నైనా తాగవచ్చు, తాగాలి కూడా. టీ, కాఫీ మాత్రం వద్దు. అయితే తిని వచ్చినా మొత్తం కొలెస్ట్రాల్, హెచ్‌డీఎల్ పెద్దగా మారవు, ట్రైగ్లిజరైడ్లే పెరుగుతాయి. కార్డియలాజికల్ సొసైటీ ఆఫ్ ఇండియా 2024లో విడుదల చేసిన మార్గదర్శకాలు కూడా తొలి పరీక్షకు పరగడుపు అవసరం లేదనే చెప్పాయి. తిని ఇచ్చిన రక్తంలో ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే మాత్రం పరగడుపున మళ్లీ చేయించాలి.

షుగరుకు ఇన్సులిన్ వేసుకునేవారు పరగడుపున ఇన్సులిన్ వేసుకుని బస్సెక్కి రావడం ప్రమాదకరం. ఆ రోజు సూది ఎప్పుడు వేసుకోవాలో ముందే డాక్టరును అడగండి. బీపీ మాత్రలు నీళ్లతో వేసుకోవచ్చు. ముందు రోజు జాతరలోనో, పెళ్లిలోనో మాంసం, మద్యం ఎక్కువైతే పరీక్షను కొద్ది రోజులు వాయిదా వేయడం మంచిది. జ్వరం, పెద్ద ఆపరేషన్, గుండెపోటు లాంటివి వచ్చిన కొద్ది వారాలపాటు ఎల్‌డీఎల్ అసలు కన్నా తక్కువగా కనిపిస్తుంది కాబట్టి ఆ సమయంలో వచ్చిన మంచి అంకెను నమ్ముకోకూడదు.

ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ పెరిగాయి. దీని అర్థం ఏమిటి?

ఈ రెండూ కణాల లోపల పనిచేసే ఎంజైములు. కణం దెబ్బతింటే అవి రక్తంలోకి వస్తాయి. చాలా ల్యాబులు 40 వరకు సాధారణమని రాస్తాయి. ఎస్‌జీపీటీకి మగవారిలో 33, ఆడవారిలో 25 దాటితేనే గమనించాలని చెప్పే నిపుణులూ ఉన్నారు. ఎస్‌జీపీటీ ఎక్కువగా కాలేయంలోనే ఉంటుంది. ఎస్‌జీఓటీ అలా కాదు, కండరాల్లో, గుండెలో, ఎర్ర రక్తకణాల్లో కూడా ఉంటుంది. ఆదోని మార్కెట్ యార్డులో ముందు రోజంతా బస్తాలు మోసిన హమాలీకి, కొత్తగా జిమ్‌లో చేరిన కుర్రవాడికి ఎస్‌జీఓటీ 80, ఎస్‌జీపీటీ 50 వచ్చాయంటే కాలేయాన్ని అనుమానించే ముందు సీపీకే అనే కండరాల పరీక్ష చేయించాలి. రక్తం తీసేటప్పుడు నరం సరిగా దొరకక ట్యూబులో ఎర్రకణాలు చిట్లినా ఎస్‌జీఓటీ పెరుగుతుంది. అప్పుడు ల్యాబువారు 'హీమోలైజ్డ్' అని రాస్తారు, ఆ మాట కనిపిస్తే మళ్లీ రక్తం ఇవ్వడమే మేలు.

ఎంత పెరిగిందన్నది ముఖ్యం. 50, 70, 90 లాంటి అంకెలకు మన దగ్గర ఎక్కువగా కనిపించే కారణాలు కాలేయంలో కొవ్వు, మద్యం, వాడుతున్న మందులు, దీర్ఘకాలిక హెపటైటిస్ బి లేదా సి. వందల్లోకి వెళితే ఆలస్యం చేయకుండా కారణం వెతకాలి. వెయ్యి దాటితే కొత్తగా సోకిన వైరల్ హెపటైటిస్, పారాసిటమాల్ లాంటి మందు మోతాదు మించడం, కాలేయానికి రక్తప్రసారం ఆగిపోవడం అనే మూడింటిని ముందుగా ఆలోచిస్తారు. మద్యం ఒక్కటే కారణమైతే ఈ ఎంజైములు 400 దాటడం చాలా అరుదు.

రెండింటిలో ఏది ఎక్కువన్నది కూడా చూడాలి. ఎస్‌జీఓటీ, ఎస్‌జీపీటీకి రెండింతలకు మించి ఉంటే మద్యం వైపు వేలు చూపుతుంది. కొవ్వు పట్టిన కాలేయంలో మొదట్లో ఎస్‌జీపీటీయే ఎక్కువగా ఉంటుంది. ఏళ్లు గడిచి కాలేయం గట్టిపడే కొద్దీ ఆ వరుస తారుమారవుతుంది. డెంగీ జ్వరంలో రెండూ పెరుగుతాయి, ఎస్‌జీఓటీ ముందుంటుంది, జ్వరం తగ్గిన కొద్ది వారాల్లో దిగిపోతాయి.

టీబీ మందులు వాడుతున్నవారు ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. ఐసోనియాజిడ్, రిఫాంపిసిన్, పైరజినమైడ్ మూడూ కాలేయాన్ని దెబ్బతీయగల మందులే. అంకె కొద్దిగా పెరిగితే మందులు ఆపరు. వాంతులు, కడుపునొప్పి, కామెర్లు ఉండి సాధారణ హద్దుకు మూడింతలు దాటినప్పుడు, లేదా ఏ బాధా లేకున్నా అయిదింతలు దాటినప్పుడు డాక్టరు ఆపించి, తగ్గాక ఒక్కొక్కటిగా తిరిగి మొదలుపెడతారు. సొంతంగా ఆపితే టీబీ మందులకు లొంగకుండా పోతుంది.

బిలిరుబిన్ 1.8 ఉంది, కామెర్లేనా?

బిలిరుబిన్ సాధారణంగా 1.2 మిల్లీగ్రాముల లోపు ఉంటుంది. 2 నుంచి 3 దాటితేగాని కళ్లలో పసుపు కనిపించదు. రిపోర్టులో మొత్తం ఎంతో చూసి ఆగిపోకుండా డైరెక్ట్, ఇన్‌డైరెక్ట్ అనే రెండు భాగాలనూ చూడండి. మొత్తం 1.8, డైరెక్ట్ 0.3, మిగిలిన ఎంజైములన్నీ మామూలు, హిమోగ్లోబిన్ కూడా బాగుంది అంటే చాలావరకు అది గిల్బర్ట్ సిండ్రోమ్. పుట్టుకతో వచ్చే చిన్న తేడా ఇది. ఉపవాసం ఉన్నప్పుడు, జ్వరం వచ్చినప్పుడు, నిద్ర లేనప్పుడు అంకె కాస్త పెరిగి మళ్లీ తగ్గుతుంది. దీనికి మందు లేదు, అవసరమూ లేదు. శ్రావణమాసపు ఉపవాసాల మధ్య పరీక్ష చేయించుకుని ఇలాంటి అంకె చూసి కంగారుపడనక్కరలేదు. హిమోగ్లోబిన్ తక్కువగా ఉండి ఇన్‌డైరెక్ట్ పెరిగితే మాత్రం ఎర్రకణాలు చిట్లిపోతున్నాయేమో చూడాలి.

డైరెక్ట్ భాగం పెరిగితే సంగతి వేరు. కాలేయకణాలు దెబ్బతినడమో, పైత్యరసం పోయే దారి మూసుకుపోవడమో జరిగి ఉండవచ్చు. మూత్రం ముదురు పసుపుగా, మలం సున్నం రంగులో, ఒళ్లంతా దురదగా ఉంటే వెంటనే అల్ట్రాసౌండ్ చేయించాలి.

ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ ఒక్కటే ఎక్కువగా ఉంది. భయపడాలా?

ఎదిగే పిల్లల్లో, నిండు గర్భిణుల్లో ఇది పెరగడం సహజం. పెద్దవారిలో పెరిగితే ఎముకల నుంచా, పైత్యనాళాల నుంచా అన్నది తేల్చాలి. జీజీటీ కూడా పెరిగితే కాలేయం వైపు, జీజీటీ మామూలుగా ఉంటే ఎముకల వైపు చూస్తారు. విటమిన్ డి లోపం అందులో ఒక సాధారణ కారణం.

కాలేయం నిజంగా ఎంత బాగా పనిచేస్తోందో ఏ అంకె చెబుతుంది?

ఎంజైములు దెబ్బను చూపుతాయి, పనితనాన్ని చూపవు. పనితనం తెలియాలంటే అల్బుమిన్, ప్రోత్రాంబిన్ సమయం (రక్తం గడ్డకట్టడానికి పట్టే సమయం), బిలిరుబిన్ చూడాలి. అల్బుమిన్‌ను తయారుచేసేది కాలేయమే, 3.5 గ్రాముల కన్నా తగ్గితే దీర్ఘకాలంగా కాలేయం అలసిపోయిందనో, మూత్రంలో ప్రొటీన్ పోతోందనో, తిండి చాలడం లేదనో అర్థం. అల్బుమిన్ రక్తంలో సగానికి తగ్గడానికి దాదాపు 20 రోజులు పడుతుంది కాబట్టి హఠాత్తుగా వచ్చిన జబ్బులో అది వెంటనే మారదు. అప్పుడు ఐఎన్‌ఆర్ అనే రక్తం గడ్డకట్టే పరీక్షే ముందుగా చెడుతుంది.

సిర్రోసిస్ (కాలేయం గట్టిపడి పాడైపోయే జబ్బు) ముదిరినవారిలో ఎస్‌జీపీటీ 30 ఉండడం మామూలే. నీళ్లయిపోయిన తొట్టి కారదు. దెబ్బతినడానికి కణాలు మిగలనప్పుడు ఎంజైములూ రావు. అలాంటివారి రిపోర్టులో అల్బుమిన్ 2.8, ప్లేట్‌లెట్లు లక్షకు తక్కువ, గ్లోబ్యులిన్ ఎక్కువ అన్న సంగతులు పక్కనే ఉంటాయి. ఎస్‌జీపీటీ ఒక్కటి చూసి 'లివర్ బాగుంది' అని ఎవరైనా చెబితే మిగతా వరుసలు కూడా చూడమని అడగండి.

కామెర్లకు పసరు మందు వేయించుకోవచ్చా?

వద్దని గట్టిగా చెబుతున్నాము. మన పల్లెల్లో కామెర్లనగానే పసరు పోయించడం, చేతి మీద వాత పెట్టించడం, ఉప్పూ నూనే లేని పత్యం నెలల తరబడి చేయించడం ఇప్పటికీ ఉంది. పసరు పనిచేసినట్టు అనిపించడానికి కారణం ఉంది: కలుషితమైన నీటి ద్వారా వచ్చే హెపటైటిస్ ఎ చాలామందిలో కొద్ది వారాల్లో దానంతట అదే తగ్గిపోతుంది. ఆ తగ్గుదల పసరు ఖాతాలో పడుతుంది.

కానీ కామెర్లు ఒకే జబ్బు కాదు. పైత్యనాళంలో రాయి అడ్డుపడినా, క్లోమంలో గడ్డ పెరిగినా, హెపటైటిస్ బి ముదిరినా కళ్లు పచ్చబడతాయి. హెపటైటిస్ ఇ గర్భిణులకు, అందులోనూ చివరి మూడు నెలల్లో ఉన్నవారికి ప్రాణాంతకం; ఆ దశలో సోకినవారిలో నూటికి 20 మందికి పైగా చనిపోయిన సందర్భాలున్నాయి. పసరు చుట్టూ తిరిగిన రెండు వారాల్లో ఇలాంటివారు ఆపరేషన్‌కు పనికివచ్చే సమయాన్నో, ప్రాణాన్నో కోల్పోతారు. పైగా కొన్ని మూలికలే కాలేయాన్ని దెబ్బతీస్తాయి. కోవిడ్ కాలంలో తిప్పతీగ కషాయం విపరీతంగా తాగినవారిలో కాలేయం వాచిన సంఘటనలను మన దేశపు డాక్టర్లే వైద్య పత్రికల్లో నమోదు చేశారు. పత్యం పేరుతో తిండి మాన్పించడం కూడా తప్పే. కామెర్ల రోగికి శక్తి కావాలి. వాంతి రాకుండా ఎంత తినగలిగితే అంత, పప్పు, పెరుగు, గుడ్డుతో సహా పెట్టవచ్చు.

కర్నూలు, అనంతపురం ప్రభుత్వ సర్వజన వైద్యశాలల్లోనూ, కడప రిమ్స్‌లోనూ ఈ పరీక్షలు జరుగుతాయి. 2018 జూలైలో మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమం కింద హెపటైటిస్ బి, సి పరీక్షలు, మందులు ఉచితం. హెపటైటిస్ సి ఇప్పుడు చాలావరకు 12 వారాల మాత్రలతో నయమయ్యే జబ్బు.

ఏ పరిస్థితిలో రిపోర్టు కోసం కూడా ఆగకూడదు?

కామెర్లతో పాటు మాట తడబడడం, మత్తుగా పడి ఉండడం, రక్తపు వాంతి, నల్లటి మలం, పొట్ట ఉబ్బడం, చలి జ్వరం, వీటిలో ఏది ఉన్నా నేరుగా పెద్దాసుపత్రికి వెళ్లాలి. పారాసిటమాల్ మాత్రలు ఎక్కువగా మింగినప్పుడు, పిల్లలు పొరపాటున ఎలుకల పేస్టు నోట్లో పెట్టుకున్నప్పుడు మొదటి రోజు లివర్ పరీక్ష పూర్తిగా మామూలుగా రావచ్చు, మనిషి కూడా బాగానే కనిపించవచ్చు. కాలేయం చెడేది రెండు మూడు రోజుల తర్వాత. మొదటి రోజు రిపోర్టు బాగుందని ఇంటికి తీసుకురాకండి.

మద్యం ముట్టను. నాకు ఫ్యాటీ లివర్ ఎలా వచ్చింది?

పొట్ట చుట్టూ చేరిన కొవ్వు, షుగరు, ఎక్కువ ట్రైగ్లిజరైడ్లు, తక్కువ హెచ్‌డీఎల్, కదలిక లేని పని, ఇవి కలిసి తెచ్చేదే ఇది. బరువు తక్కువగా ఉన్నా నడుము చుట్టుకొలత ఎక్కువగా ఉండడం మనవారిలో తరచుగా కనిపిస్తుంది. 2021లో కేంద్ర ప్రభుత్వం ఈ జబ్బును అసాంక్రామిక వ్యాధుల జాతీయ కార్యక్రమంలో చేర్చింది.

స్కానింగులో 'గ్రేడ్ 1' అని రాగానే భయపడేవారు, 'అందరికీ ఉండేదే' అని వదిలేసేవారు సమానంగా కనిపిస్తారు. గ్రేడు కొవ్వు ఎంతుందో చెబుతుంది. కాలేయం గట్టిపడిందా లేదా అన్నది చెప్పదు, అసలు ప్రమాదం గట్టిపడడంలో ఉంది. దాన్ని అంచనా వేయడానికి ఫిబ్-4 అనే లెక్క ఉంది, దానికి కొత్త పరీక్ష అక్కరలేదు. వయసును ఎస్‌జీఓటీతో గుణించి, ఆ వచ్చినదాన్ని ప్లేట్‌లెట్ల సంఖ్య, ఎస్‌జీపీటీ వర్గమూలం, ఈ రెండింటి లబ్ధంతో భాగించాలి. ప్లేట్‌లెట్లను వేలల్లో తీసుకోవాలి. 52 ఏళ్ల మనిషికి ఎస్‌జీఓటీ 48, ఎస్‌జీపీటీ 64, ప్లేట్‌లెట్లు 1,80,000 అనుకుందాం. 52ను 48తో గుణిస్తే 2496. 64కు వర్గమూలం 8. 180ని 8తో గుణిస్తే 1440. భాగిస్తే దాదాపు 1.73. విలువ 1.3 కన్నా తక్కువైతే గట్టిపడి ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే నిపుణుడి దగ్గరికి వెళ్లాలి. ఇతనిలా మధ్యలో ఉంటే కాలేయం ఎంత గట్టిపడిందో కొలిచే ఫైబ్రోస్కాన్ చేయించాలి. 65 ఏళ్లు దాటినవారికి కింది హద్దు 2గా తీసుకుంటారు.

షుగరు ఉన్నవారిలో ఎస్‌జీపీటీ మామూలుగా ఉండి కూడా కాలేయం గట్టిపడి ఉండవచ్చు. అందుకే వారు ఎంజైములు ఎలా ఉన్నా ఈ లెక్క వేయించుకోవాలి. బరువు నూటికి 5 వంతులు తగ్గితే కాలేయంలో కొవ్వు తగ్గుతుంది, 10 వంతులు తగ్గితే గట్టిపడినది కూడా కొంత వెనక్కి రావచ్చు. 80 కిలోల మనిషికి అది 8 కిలోలు, ఏడాదిలో సాధ్యమయ్యే పనే.

రోజూ ఒక క్వార్టరే, అంతకు మించి తాగను. ఫర్వాలేదా?

ఫర్వాలేదని చెప్పలేము. 180 మిల్లీలీటర్ల క్వార్టర్‌లో, 42.8 శాతం లెక్కన, దాదాపు 61 గ్రాముల ఆల్కహాల్ ఉంటుంది. 8 శాతం స్ట్రాంగ్ బీరు 650 మిల్లీలీటర్ల సీసాలో దాదాపు 41 గ్రాములు ఉంటుంది, కాబట్టి బీరు తేలికన్నది నిజం కాదు. రోజూ ఇంత మోతాదు ఏళ్ల తరబడి సాగితే సిర్రోసిస్ ముప్పు స్పష్టంగా పెరుగుతుంది. సురక్షితమైన మోతాదంటూ లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 జనవరిలో చెప్పింది. రోజూ తాగేవారు ఒక్కసారిగా ఆపితే వణుకు, మూర్ఛ రావచ్చు. డాక్టరుకు చెప్పి ఆపాలి.

లిపిడ్ ప్రొఫైల్‌ను ఎక్కడి నుంచి చదవడం మొదలుపెట్టాలి?

మొత్తం కొలెస్ట్రాల్ దగ్గర ఆగకండి. ఒక రిపోర్టు తీసుకుందాం: మొత్తం 214, హెచ్‌డీఎల్ 36, ట్రైగ్లిజరైడ్లు 240. ల్యాబు చాలాసార్లు ఎల్‌డీఎల్‌ను నేరుగా కొలవకుండా లెక్క కడుతుంది: ట్రైగ్లిజరైడ్లలో అయిదో వంతు 48, అది వీఎల్‌డీఎల్, 214 నుంచి 36, 48 తీసేస్తే 130, అది ఎల్‌డీఎల్. ట్రైగ్లిజరైడ్లు 400 దాటితే ఈ లెక్క పనికిరాదు, నేరుగా కొలవమని అడగాలి. ఇక మొత్తం నుంచి హెచ్‌డీఎల్ తీసేస్తే 178 వస్తుంది. దీన్ని నాన్-హెచ్‌డీఎల్ అంటారు, రక్తనాళాల్లో పేరుకునే కొవ్వు కణాలన్నీ ఇందులోకి వస్తాయి. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా, హెచ్‌డీఎల్ తక్కువగా ఉండడం మనవారిలో బాగా కనిపించే తీరు కాబట్టి ఎల్‌డీఎల్ ఒక్కదాని కన్నా నాన్-హెచ్‌డీఎల్‌ను చూడడమే మేలన్నది మా అభిప్రాయం. రిపోర్టులో అది లేకపోయినా ఒక్క తీసివేతతో వస్తుంది.

హెచ్‌డీఎల్ మగవారిలో 40 కన్నా, ఆడవారిలో 50 కన్నా తక్కువైతే తక్కువ కింద లెక్క. ట్రైగ్లిజరైడ్లు 150 లోపు ఉండాలి. 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంది, అప్పుడు చికిత్స వెంటనే మొదలుపెట్టాలి.

నా ఎల్‌డీఎల్ ఎంత ఉండాలి?

అది మీరెవరన్నదాన్ని బట్టి ఉంటుంది. ఇంతకుముందు చెప్పిన 2024 మార్గదర్శకాల ప్రకారం సాధారణ వ్యక్తికి 100 లోపు, షుగరో బీపీయో ఉండి ముప్పు ఎక్కువైనవారికి 70 లోపు, గుండెపోటు, పక్షవాతం వచ్చినవారికి, దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు ఉన్నవారికి 55 లోపు. నాన్-హెచ్‌డీఎల్ హద్దు వీటికి 30 కలిపితే వస్తుంది. ఎల్‌డీఎల్ 190 దాటిందంటే అది తిండి వల్ల వచ్చినది కాకపోవచ్చు, వంశపారంపర్యమైన జబ్బేమో చూడాలి. కనురెప్పల మీద పసుపు మచ్చలు, మడమ వెనుక నరం మీద గడ్డలు, ఇంట్లో ఎవరికైనా చిన్న వయసులోనే గుండెపోటు ఉంటే పిల్లలకు కూడా పరీక్ష చేయించాలి. లైపోప్రొటీన్-ఎ అనే పరీక్ష జీవితంలో ఒక్కసారి చేయించుకుంటే చాలు. 50 మిల్లీగ్రాములు దాటితే ముప్పు పెరిగినట్టు.

కొలెస్ట్రాల్ ఎక్కువని మందు మొదలుపెట్టే ముందు ఒకసారి థైరాయిడ్ పరీక్ష చేయించడం మరవకండి. థైరాయిడ్ మందగిస్తే ఎల్‌డీఎల్ పెరుగుతుంది, ఆ చికిత్సతో తగ్గుతుంది.

కువైట్‌లో చేయించిన రిపోర్టులో కొలెస్ట్రాల్ 5.2 అని ఉంది. అంత తక్కువా?

కాదు, అది వేరే కొలమానం. కడప, రాజంపేట, రాయచోటి వైపు నుంచి గల్ఫ్ వెళ్లి వచ్చినవారి రిపోర్టుల్లో మిల్లీమోల్స్ ఉంటాయి. కొలెస్ట్రాల్, ఎల్‌డీఎల్, హెచ్‌డీఎల్ అంకెలను 38.7తో, ట్రైగ్లిజరైడ్లను 88.6తో గుణిస్తే మన మిల్లీగ్రాముల లెక్క వస్తుంది. 5.2 అంటే దాదాపు 201. ట్రైగ్లిజరైడ్లు 1.7 అంటే 150. బిలిరుబిన్ అక్కడ 17 అని ఉంటే ఇక్కడ 1 మాత్రమే, కాబట్టి అది చూసి హడలిపోకూడదు. అల్బుమిన్ 40 అంటే మన 4.0. ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అంకెలు మారవు.

శనగ నూనె మానేయాలా? సంగటి తింటే తగ్గుతుందా?

వేరుశనగ నూనెలోనే కాదు, ఏ మొక్క నూనెలోనూ కొలెస్ట్రాల్ ఉండదు, కాబట్టి డబ్బా మీద 'కొలెస్ట్రాల్ లేదు' అన్న ముద్ర ఏమీ చెప్పదు. చూడవలసింది సంతృప్త కొవ్వు. వేరుశనగ నూనెలో అది అయిదో వంతు లోపు, పామాయిల్‌లో దాదాపు సగం, నెయ్యిలో సగానికి మించి ఉంటుంది. అనంతపురం ఇళ్లలో తరాలుగా వాడుతున్న శనగ నూనెను మానవలసిన పని లేదు, మోతాదు తగ్గించాలి. ఉగ్గానితో బజ్జీలు రోజూ తినడం, బజ్జీల నూనెను మళ్లీ మళ్లీ కాచడం మానాలి. కార్జం, తలకాయ కూర ఎప్పుడో ఒకసారికి పరిమితం చేయాలి. గుడ్డు గురించి చాలామంది అనవసరంగా భయపడతారు. ఎక్కువమందికి రోజుకు ఒక గుడ్డు వల్ల ఇబ్బంది లేదు, షుగరు, గుండె జబ్బు ఉన్నవారు డాక్టరును అడగాలి.

సంగటి మంచి తిండే, కానీ అది కూడా పిండిపదార్థమే. ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉన్నవారిలో అసలు కారణం నూనె కన్నా అన్నం రాశి, చక్కెర, మద్యం కావడం తరచుగా చూస్తాము. ముద్ద సైజు తగ్గించి, పక్కన ఆకుకూర పప్పు, ఉలవలు, అలసందలు పెంచితే ఫలితం ఉంటుంది. ఓళిగలు పండగకే ఉంచుకోవడం మంచిది. జొన్న రొట్టె, కొర్రన్నంలో పీచు ఎక్కువ, త్వరగా కడుపు నిండుతుంది, అదే వాటి మేలు.

బూజు పట్టిన శనక్కాయలు కాలేయాన్ని పాడుచేస్తాయా?

చేస్తాయి. పంట చివరి దశలో వాన లేక ఎండిన కాయల్లో, తడి ఆరకుండా మూటగట్టిన కాయల్లో ఒక రకం బూజు పెరిగి అఫ్లటాక్సిన్ అనే విషాన్ని చేస్తుంది. ఇది కాలేయ క్యాన్సర్‌కు కారకమని రుజువైన పదార్థం, హెపటైటిస్ బి ఉన్నవారిలో ముప్పు ఇంకా ఎక్కువ. వేయించినా పూర్తిగా పోదు. లివర్ పరీక్షలో ఇది కనిపించదు కాబట్టి ముడుచుకుపోయిన, రంగు మారిన, చేదు తగిలిన గింజలను ఏరి పారేయడమే మార్గం; వాటిని నూనెకు వేయడమూ వద్దు, పశువులకు పెట్టడమూ వద్దు.

కొలెస్ట్రాల్ మాత్రలు లివర్‌ను పాడుచేస్తాయంటారు. ఆపేయనా?

ఆపకండి. అటోర్వాస్టాటిన్, రోసువాస్టాటిన్ లాంటి స్టాటిన్ మాత్రలు వాడే కొందరిలో ఎస్‌జీపీటీ కొద్దిగా పెరుగుతుంది, చాలావరకు దానంతట అదే తగ్గుతుంది. మూడింతలు, అంటే దాదాపు 120 దాటితేనే డాక్టరు మందును పునరాలోచిస్తారు. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2012లోనే, స్టాటిన్ వాడేవారందరికీ మాటిమాటికీ లివర్ పరీక్ష అవసరం లేదని చెప్పింది. ఫ్యాటీ లివర్ ఉన్నవారికి గుండెపోటు ముప్పు ఎక్కువ, కాబట్టి వారికి ఈ మందు మరింత అవసరం. గుండెకు స్టెంటు వేయించుకున్న మనిషి ఎస్‌జీపీటీ 55 చూసి మాత్ర మానేస్తే, లేని ప్రమాదానికి భయపడి ఉన్న ప్రమాదాన్ని తెచ్చుకున్నట్టే. తీవ్రమైన కండరాల నొప్పి, ముదురు రంగు మూత్రం వస్తే మాత్రం వెంటనే చెప్పాలి. గర్భం దాల్చాలనుకునే స్త్రీలు ముందుగానే డాక్టరుతో మాట్లాడాలి.

గర్భిణులకు ఈ అంకెలు వేరుగా ఉంటాయా?

కొలెస్ట్రాల్, ట్రైగ్లిజరైడ్లు, ఆల్కలైన్ ఫాస్ఫటేజ్ పెరగడం, అల్బుమిన్ కొంత తగ్గడం సహజం. ఆ సమయంలో లిపిడ్ ప్రొఫైల్ చేయించి బెంగపడవద్దు. కానీ ఎస్‌జీపీటీ, బిలిరుబిన్ పెరగడం సహజం కాదు. బీపీ, తలనొప్పి, పక్కటెముకల కింద నొప్పి, అరచేతుల దురద వీటితో కలిస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి.

ఎన్నాళ్లకోసారి చేయించాలి?

ఏ జబ్బూ లేనివారు 18 ఏళ్లు దాటాక ఒకసారి లిపిడ్ ప్రొఫైల్ చేయించుకుని, బాగుంటే కొన్నేళ్లకోసారి చేయిస్తే చాలు. స్టాటిన్ మొదలుపెట్టినా, మోతాదు మార్చినా 4 నుంచి 12 వారాల్లో మళ్లీ చూడాలి. ఎస్‌జీపీటీ కొద్దిగా పెరిగినవారు మద్యం, అనవసరమైన మందులు, కషాయాలు మాని కొద్ది వారాల తర్వాత మళ్లీ చేయించాలి. అప్పటికీ తగ్గకపోతే హెపటైటిస్ బి, సి పరీక్షలు, అల్ట్రాసౌండ్ తప్పవు. వీలైనంతవరకు అదే ల్యాబులో, అదే వేళకు ఇవ్వండి. పాత రిపోర్టులన్నీ ఒక ఫైల్లో తేదీల వరుసన పెట్టి తీసుకెళ్లండి. వాడుతున్న మందుల చీటీలు, ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన మాత్రల అట్టలు, మూలికా పొడుల పేర్లు కూడా దాచకుండా అందులోనే ఉంచండి.